బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకుంటే ఆస్పత్రి ఖర్చు నిజంగా తగ్గుతుందా?

బరువు తగ్గించే ఆపరేషన్ చేయించుకోవాలా వద్దా అన్న చర్చ ఇంట్లో మొదలైనప్పుడు దాదాపు ప్రతిసారీ ఒక లెక్క ముందుకొస్తుంది. ఇప్పుడు ఒక్కసారి లక్షల్లో ఖర్చయినా, ఆ తర్వాత షుగరు, బీపీ, మోకాళ్ల నొప్పుల కోసం ఆస్పత్రుల చుట్టూ తిరిగే అవసరం తప్పుతుంది కాబట్టి, పెట్టిన డబ్బు కొన్నేళ్లలో తిరిగి వచ్చినట్టే అన్నది ఆ లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రోగులను ఇరవై ఏళ్లపాటు వెన్నంటి చూసిన పరిశోధకులకు కనిపించింది వేరు. మందుల ఖర్చు తగ్గింది. ఆస్పత్రిలో గడిపిన రోజులు మాత్రం తగ్గలేదు, మొదటి కొన్నేళ్లు పెరిగాయి కూడా. అయినా ఈ శస్త్రచికిత్స చాలామందికి ఆయుష్షు పోసిందన్నది అంతే గట్టిగా రుజువైన విషయం. ఈ మూడు సంగతులు ఒకదానితో ఒకటి ఎలా పొసుగుతాయో అర్థం చేసుకోవాలంటే, ఖర్చు ఎక్కడ పుడుతుందో, ఎవరి జేబులోంచి పోతుందో విడివిడిగా చూడాలి.

ముందుగా ఆపరేషన్ల గురించి క్లుప్తంగా చెప్పుకోవాలి. బేరియాట్రిక్ సర్జరీ అని పిలిచే ఈ శస్త్రచికిత్సల్లో నేడు ఎక్కువగా చేసేవి రెండు. స్లీవ్ గ్యాస్ట్రెక్టమీలో జీర్ణాశయంలో ఎక్కువ భాగాన్ని కత్తిరించి తీసేసి, మిగిలినదాన్ని సన్నని గొట్టంలా ఉంచుతారు. గ్యాస్ట్రిక్ బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన ఒక చిన్న సంచిని వేరుచేసి, దాన్ని చిన్నపేగులో కొంత కిందికి నేరుగా కలుపుతారు. తిన్న ఆహారం మిగతా జీర్ణాశయాన్ని, చిన్నపేగు మొదటి భాగాన్ని తాకకుండానే ముందుకు పోతుంది. ఒకప్పుడు బాగా చలామణిలో ఉన్న బ్యాండ్ పద్ధతిలో జీర్ణాశయం పైభాగం చుట్టూ సిలికాన్ పట్టీ బిగించేవారు. ఖర్చుల విషయంలో ఆ పట్టీ నేర్పిన పాఠం పెద్దది కాబట్టి దాని సంగతి మళ్లీ వస్తుంది.

ఈ ప్రశ్నకు మనకున్న సుదీర్ఘమైన సాక్ష్యం స్వీడన్ నుంచి వచ్చింది. అక్కడ 1987లో మొదలై 2001 వరకు రోగులను చేర్చుకున్న ఎస్‌ఓఎస్ (స్వీడిష్ ఒబీస్ సబ్జెక్ట్స్) అధ్యయనంలో, ఆపరేషన్ చేయించుకున్న 2,010 మందిని, వయసులోనూ బరువులోనూ వారితో సరిపోలి మామూలు వైద్యమే పొందిన 2,037 మందిని పక్కపక్కన పెట్టి దశాబ్దాలపాటు గమనించారు. లాటరీ వేసినట్టు కొందరికి ఆపరేషన్, కొందరికి మామూలు వైద్యం అని పంచలేదు. ఆ రోజుల్లో ఈ శస్త్రచికిత్సలో ప్రాణాపాయం ఎక్కువన్న భయం ఉండడంతో అలా పంచడానికి నైతిక కమిటీలు ఒప్పుకోలేదు. ఆ లోపం ఉన్నా, స్వీడన్‌లో ఆస్పత్రిలో చేరిన ప్రతి సందర్భమూ జాతీయ రిజిస్టర్లలో నమోదవుతుంది కాబట్టి, మనిషి ఊరు మారినా, డాక్టరు మారినా లెక్క తప్పిపోదు. ఖర్చుల అధ్యయనానికి ఇంతకంటే మంచి నేల దొరకడం కష్టం.

2012లో వెలువడిన ఆ లెక్కల ప్రకారం, ఇరవై ఏళ్లలో ఆపరేషన్ చేయించుకున్నవారు సగటున 54 రోజులు ఆస్పత్రిలో గడిపారు. చేయించుకోనివారు గడిపింది 40 రోజులు. రెండో ఏడాది నుంచి ఆరో ఏడాది వరకు మొదటి వర్గానికి ఏటా సగటున 1.7 రోజులు, రెండో వర్గానికి 1.2 రోజులు పడ్డాయి. ఏడో ఏడాది నుంచి ఇరవయ్యో ఏడాది వరకు ఇద్దరికీ ఏటా 1.8 రోజులే. అంటే మొదట్లో పైకి లేచిన గీత తర్వాత రెండో గీతతో కలిసిపోయింది గానీ, దాని కిందికి ఎన్నడూ దిగలేదు. తేడా కనిపించింది మందుల్లో. ఏడో ఏడాది తర్వాత ఆపరేషన్ అయినవారి మందుల ఖర్చు ఏటా సగటున 930 డాలర్లు, కానివారిది 1,123 డాలర్లు. ఇది నిజమైన ఆదాయే, అయితే ఆపరేషన్ ఖర్చును పూడ్చేంత పెద్దది కాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఎస్‌ఓఎస్‌లో దాదాపు 68 శాతం మందికి చేసింది, జీర్ణాశయాన్ని నిలువుగా స్టేపుల్ చేసి బిగించే పాత పద్ధతి. దాన్ని ఇప్పుడు దాదాపు ఎవరూ చేయడం లేదు. ఆ రోజుల్లో ఎక్కువమందికి పొట్ట కోసే చేశారు, చిన్న రంధ్రాల గుండా చేసే కీహోల్ పద్ధతి అప్పటికి ఇంకా విస్తరించలేదు. పొట్ట మీద పెద్ద కోత ఉన్నచోట తర్వాతి ఏళ్లలో హెర్నియా రావడం, దానికోసం మళ్లీ ఆస్పత్రిలో చేరడం మామూలే. కాబట్టి 54, 40 అన్న అంకెలను నేటి రోగికి యథాతథంగా అంటగట్టకూడదు. వాటి దిశను మాత్రం తీసుకోవచ్చు, ఎందుకంటే కీహోల్ పద్ధతి విస్తరిస్తున్న కాలానికి చెందిన అమెరికా లెక్కలు కూడా అదే దిశను చూపించాయి.

కాలిఫోర్నియా రాష్ట్రంలో 1995 నుంచి 2004 వరకు గ్యాస్ట్రిక్ బైపాస్ చేయించుకున్న 60,077 మంది రికార్డులను పరిశీలించి 2005లో ప్రచురించిన అధ్యయనంలో, ఆపరేషన్‌కు ముందు ఏడాది 7.9 శాతం మంది ఆస్పత్రిలో చేరితే, తర్వాతి ఏడాది 19.3 శాతం మంది చేరారు. మూడేళ్ల సమాచారం దొరికిన 24,678 మందిలో ఆపరేషన్‌కు ముందు ఏడాది 8.4 శాతం మంది చేరితే, తర్వాత మొదటి ఏడాది 20.2 శాతం, మూడో ఏడాది కూడా 14.9 శాతం మంది చేరారు. ముందు చేరికలకు కారణాలు కీళ్ల అరుగుదల, కాళ్లలో ఇన్ఫెక్షన్ల వంటివి. తర్వాతి చేరికల్లో పొట్టగోడ హెర్నియా మరమ్మతు, చేసిన బైపాస్‌ను సరిదిద్దడం వంటివి ముందు వరుసలో నిలిచాయి. అమెరికాలోని ఏడు బ్లూక్రాస్ బ్లూషీల్డ్ బీమా పథకాల్లో ఆపరేషన్ చేయించుకున్న 29,820 మందిని, చేయించుకోని పోలిక వర్గాన్ని ఆరేళ్ల వరకు అనుసరించి 2013లో వెలువరించిన మరో అధ్యయనంలో, రెండో, మూడో ఏళ్లలో ఆపరేషన్ వర్గం మొత్తం ఖర్చు ఎక్కువగా ఉండి, ఆ తర్వాత రెండు వర్గాలూ సమానమయ్యాయి. మందుల ఖర్చు, డాక్టరు దగ్గరికి వెళ్లే ఖర్చు తగ్గాయి. ఆస్పత్రి చేరికల ఖర్చు పెరిగి ఆ మిగులును మింగేసింది.

మరి డబ్బు తిరిగొస్తుందన్న నమ్మకం ఎక్కడ పుట్టింది? 2008లో అమెరికాలోనే వచ్చిన ఒక విశ్లేషణ, ఆపరేషన్ ఖర్చు రెండు నుంచి నాలుగేళ్లలో తిరిగి వచ్చేస్తుందని చెప్పింది. దాన్ని ఎన్నో ప్రచార పత్రాల్లో ఎత్తి చూపించారు. ఆ విశ్లేషణకు నిధులు శస్త్రచికిత్స పరికరాలు తయారుచేసే సంస్థ నుంచి వచ్చాయి. అంతమాత్రాన అది తప్పని నేను అనను. అసలు చిక్కు పోలికలో ఉంది. బీమా క్లెయిములలో రోగి బరువు ఉండదు, జబ్బు కోడ్ మాత్రమే ఉంటుంది. స్థూలకాయం అన్న కోడ్‌ను డాక్టరు పనిగట్టుకుని రాసేది చాలావరకు ఆ బరువు వల్ల ఇప్పటికే బాధలు పడుతున్న రోగికే. అలాంటివారిని ఆపరేషన్ కానివారి వర్గంగా తీసుకుంటే ఆ వర్గం ఖర్చు సహజంగానే ఎక్కువ కనిపిస్తుంది, దాని పక్కన ఆపరేషన్ చవకగా తేలుతుంది. మరో చిక్కు, ఆపరేషన్‌కు ముందు ఏడాది లెక్క. గుండె పరీక్షలు, ఎండోస్కోపీ, నిద్ర పరీక్షలు, రకరకాల నిపుణుల సంప్రదింపులు అన్నీ ఆ ఏడాదిలోనే పడతాయి. ఆ ఎత్తు నుంచి కొలిస్తే తర్వాత ఏది జరిగినా తగ్గుదలలాగే కనిపిస్తుంది. పైగా అమెరికాలో ఉద్యోగం మారితే బీమా సంస్థ మారుతుంది కాబట్టి, నాలుగైదేళ్లు గడిచేసరికి చాలామంది లెక్కలోంచే జారిపోతారు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది అనుభవంలో ఉన్న సంగతే.

ఇప్పుడు బ్యాండ్ సంగతి. జీర్ణాశయాన్ని కోయనక్కర్లేని, తిరిగి తీసేయగల, తేలికైన పద్ధతిగా దానికి పేరొచ్చింది. అమెరికా ప్రభుత్వ బీమా అయిన మెడికేర్‌లో 2006 నుంచి 2013 మధ్య బ్యాండ్ వేయించుకున్న 25,042 మందిని పరిశీలిస్తే, 18.5 శాతం మందికి మళ్లీ ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. అలా చేయించుకున్నవారికి ఒక్కొక్కరికి సగటున దాదాపు నాలుగు ప్రక్రియలు అయ్యాయి. బ్యాండ్ల కోసం మెడికేర్ చెల్లించిన 47 కోట్ల డాలర్లలో 22.4 కోట్లు, అంటే దాదాపు సగం, ఈ మరమ్మతులకే పోయాయి. మొదటి బిల్లు చిన్నదైనంత మాత్రాన చికిత్స చవక కాదని చెప్పడానికి ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ ఈ రంగంలో మరొకటి కనిపించదు. దీర్ఘకాల ఖర్చు అన్న మాటకు అర్థం ఏ ఆపరేషన్ ఎంచుకున్నామన్నదాన్ని బట్టే మారిపోతుందని కూడా అది చూపించింది.

ఆస్పత్రి రోజులు ఎందుకు తగ్గవన్న ప్రశ్నకు వస్తే, వాటిలో కొన్ని తప్పించగలిగినవి, కొన్ని తప్పించకూడనివి. బైపాస్‌లో పేగును కొత్త దారిలో అమర్చినప్పుడు పేగును పట్టి ఉంచే పొరలో ఖాళీలు ఏర్పడతాయి. రోగి బరువు తగ్గి లోపలి కొవ్వు కరిగేకొద్దీ ఆ ఖాళీలు పెద్దవై, పేగు వాటిలోకి దూరి ఇరుక్కోవచ్చు. దీన్ని అంతర్గత హెర్నియా అంటారు. ఆ ఖాళీలను ఆపరేషన్ సమయంలోనే కుట్టి మూసేస్తే ఏమవుతుందో స్వీడన్ సర్జన్లు 2,507 మందిపై పరీక్షించి 2016లో ఫలితాలు ప్రకటించారు. మూసినవారిలో మూడేళ్లలో పేగు అడ్డుపడి మళ్లీ ఆపరేషన్ అవసరమైనవారు 5.5 శాతం, మూయనివారిలో 10.2 శాతం. ప్రతిఫలంగా మొదటి నెలలో తీవ్రమైన ఇబ్బందులు 2.8 శాతం నుంచి 4.3 శాతానికి పెరిగాయి. కుట్ల దగ్గర పేగు మడత పడటం అందుకు ఒక కారణం. ఆపరేషన్ టేబుల్ మీద కొన్ని నిమిషాల పని ఏళ్ల తర్వాత మళ్లీ కోయాల్సిన అవసరాన్ని దాదాపు సగానికి దించగలదంటే, దీర్ఘకాల ఖర్చు ముందే రాసిపెట్టి ఉన్నదేమీ కాదన్నమాట.

గాల్ బ్లాడర్ రాళ్లదీ ఇలాంటి కథే. బరువు వేగంగా తగ్గినప్పుడు పైత్యరసంలో కొలెస్ట్రాల్ పెరిగి రాళ్లు కడతాయి. నెదర్లాండ్స్‌లో 967 మందిపై జరిపిన పరీక్షలో ఆరు నెలలపాటు ఉర్సోడియాక్సీకోలిక్ ఆమ్లం అనే మందును రోజుకు 900 మిల్లీగ్రాములు ఇస్తే, రెండేళ్లలో రాళ్ల బాధ వచ్చినవారు 9.7 శాతం నుంచి 6.5 శాతానికి తగ్గారు. ఐరన్, బీ12, థయమిన్ లోపాల వల్ల వచ్చే రక్తహీనత, నరాల బలహీనత అయితే, క్రమం తప్పని రక్తపరీక్షలు, జీవితాంతం వాడే సప్లిమెంట్లతో చాలావరకు ఆగిపోతాయి. తప్పించకూడని చేరికలు కూడా ఉన్నాయి. మత్తు ఇవ్వడం ప్రమాదమని ఏళ్ల తరబడి వాయిదా పడిన మోకాలి మార్పిడి బరువు తగ్గాక సాధ్యమవుతుంది. వేలాడే చర్మాన్ని తీయించుకుంటారు. సంతానం కలగని స్త్రీలలో కొందరు గర్భం దాలుస్తారు. వీటిలో ప్రతి ఒక్కటీ ఆస్పత్రి బిల్లే, ఖాతాలో ఖర్చు వరుసలోనే పడుతుంది, అయినా వీటిని నష్టమని పిలవడానికి నాకు మనసు రాదు.

అన్నిటికంటే ఇబ్బందికరమైన సంగతి మరణాల లెక్క. ఎస్‌ఓఎస్‌లో ఆపరేషన్ చేయించుకున్నవారు చేయించుకోనివారికంటే సగటున మూడేళ్లు ఎక్కువ బతికారని 2020లో తేలింది. సాధారణ జనాభాతో పోలిస్తే వారి ఆయుష్షు ఇంకా 5.5 ఏళ్లు తక్కువే గానీ, ఆ మూడేళ్లు చిన్న వ్యత్యాసం కాదు. అయితే కేవలం మొత్తం ఖర్చును కూడితే, ముందుగా చనిపోయిన మనిషి చవకైన రోగిగా తేలతాడు, డెబ్బై ఏళ్లు దాటి బతికి శుక్లాల ఆపరేషన్ చేయించుకున్న మనిషి ఖరీదైన రోగి అవుతాడు. ఆరోగ్య ఆర్థికశాస్త్రం ఈ వక్రతను సరిదిద్దడానికే ఖర్చును ఒంటరిగా చూడకుండా, సంపూర్ణ ఆరోగ్యంతో గడిపే ఒక్కో అదనపు సంవత్సరానికి ఎంతవుతోందని అడుగుతుంది. బ్రిటన్‌లో నైస్ అనే సంస్థ చాలాకాలం అందుకు 20,000 నుంచి 30,000 పౌండ్ల వరకు సమ్మతమని గీత గీసింది, బేరియాట్రిక్ సర్జరీ ఆ గీతకు లోపలే ఉన్నందున ప్రభుత్వ వైద్యంలో దానికి చోటిచ్చింది. గుండె బైపాస్ గానీ, కీమోథెరపీ గానీ తన ఖర్చును తానే తిరిగి సంపాదించి పెట్టాలని ఎవరూ అడగరు. స్థూలకాయానికి చేసే చికిత్స మీద మాత్రమే ఆ షరతు పెట్టడంలో, బరువు పెరగడం రోగి స్వయంకృతమన్న పాత తీర్పు దాగి ఉందని నాకు అనిపిస్తుంది.

ఇంతవరకు సగటుల గురించి మాట్లాడుకున్నాం. ఆ సగటును విడదీసిన పరిశోధన నా దృష్టిలో ఈ మొత్తం చర్చలో కీలకమైనది. ఎస్‌ఓఎస్ రోగులను షుగర్ స్థాయిని బట్టి మూడు వర్గాలు చేసి, పదిహేనేళ్ల మొత్తం ఖర్చును 2015లో లెక్కగట్టారు. షుగర్ మామూలుగా ఉన్నవారిలో ఆపరేషన్ వర్గానికి 22,390 డాలర్లు, షుగర్ అంచున ఉన్నవారిలో 26,292 డాలర్లు అదనంగా ఖర్చయింది. అప్పటికే డయాబెటిస్ ఉన్నవారిలో మాత్రం రెండు వర్గాల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. వారికి మందుల మీదే సుమారు 5,487 డాలర్లు మిగిలాయి. కారణం ఊహించదగినదే. డయాబెటిస్ ఉన్నవారిలో ఆపరేషన్ తర్వాత రెండేళ్లకు 72 శాతం మందికి షుగర్ అదుపులోకి వచ్చి జబ్బు ఉపశమించింది. పదిహేనేళ్లకు ఆ సంఖ్య 30 శాతానికి తగ్గినా, ఆపరేషన్ లేనివారిలో అది 6.5 శాతమే. కళ్లు, మూత్రపిండాలు, నరాలు దెబ్బతినడం దాదాపు సగానికి తగ్గింది. అదే అధ్యయనంలో బయటపడిన మరో సంగతిని దీనితో కలిపి చదవాలి. మొదట్లో ఎవరి బరువు ఎంత ఎక్కువన్నదాన్ని బట్టి ఆపరేషన్ మేలు ఎంతో చెప్పలేకపోయారు, రక్తంలో ఇన్సులిన్, గ్లూకోజ్ ఎంత ఉన్నాయన్నదాన్ని బట్టి చెప్పగలిగారు.

ఈ సత్యాన్ని పట్టుకుని మన దగ్గరికి వస్తే చిత్రం కొంత బాధాకరంగా కనిపిస్తుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్ మహిళల్లో 36.3 శాతం, తెలంగాణ మహిళల్లో 30.1 శాతం మంది బరువు ఎక్కువగా ఉన్నవారు లేదా స్థూలకాయులు. దేశ సగటు 24 శాతం. భారతీయులకు తక్కువ బరువులోనే షుగర్ వస్తుంది కాబట్టి, 2009లో మన వైద్య నిపుణులు కుదుర్చుకున్న ఏకాభిప్రాయం, ఎత్తుకు తగ్గ బరువును కొలిచే బీఎంఐ 32.5 దాటి అనుబంధ జబ్బులుంటే, లేదా 37.5 దాటితే ఆపరేషన్ పరిశీలించవచ్చని చెప్పింది. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ రూపొందించి 2020 అక్టోబరు నుంచి అమల్లోకి తెచ్చిన ప్రామాణిక నిబంధన మాత్రం బీఎంఐ 40 ఉండాలని, లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన నిద్ర శ్వాసావరోధం (నిద్రలో ఊపిరి ఆగి ఆగి రావడం), అదుపులేని టైప్ 2 డయాబెటిస్ వంటివి ఉండి ఇతర మార్గాలు విఫలమై ఉండాలని అంటుంది. బీఎంఐ 33తో, మూడు రకాల మాత్రలకూ ఇన్సులిన్‌కూ లొంగని షుగర్‌తో ఉన్న వ్యక్తి ఆ నిబంధన ప్రకారం అర్హుడు కాడు. బీఎంఐ 41 ఉండి షుగర్ మామూలుగా ఉన్న వ్యక్తి అర్హుడు. రెండో వ్యక్తికి చికిత్స అందకూడదని కాదు. కానీ పెట్టిన డబ్బుకు ఎక్కువ ప్రతిఫలం వచ్చే మొదటి వ్యక్తిని గుమ్మం బయట నిలబెట్టడం, బీమా సంస్థ స్వప్రయోజనం దృష్ట్యా చూసినా సరైన కొలత కాదు.

దీనికి తోడు మన బీమా తీరే ఈ ఖర్చులను తలకిందులుగా పంచుతుంది. సాధారణ ఆరోగ్య బీమా చెల్లించేది ఆస్పత్రిలో చేరితేనే. ప్రతి నెలా మందుల షాపులో అయ్యే ఖర్చు రోగిదే. దేశ ఆరోగ్య వ్యయంలో 2021-22లో 39.4 శాతం ప్రజల జేబుల్లోంచే పోయిందని ప్రభుత్వ ఖాతాలే చెబుతున్నాయి. ఆపరేషన్ తర్వాత పెరిగేది ఆస్పత్రి ఖర్చు, తగ్గేది మందుల ఖర్చు కాబట్టి, మన దగ్గర భారం బీమా సంస్థ మీద, మిగులు రోగి చేతిలో పడుతుంది. బీమా సంస్థలు ఈ క్లెయిముల విషయంలో బిగబట్టుకుని కూర్చోవడానికి ఇది అర్థమయ్యే కారణమే. మరోవైపు సొంత డబ్బుతో చేయించుకున్న రోగికి భారం, మిగులు రెండూ తనవే. ఇన్సులిన్ ఆగినందుకు మిగిలిన డబ్బులోంచి ఐరన్, కాల్షియం, బీ12, ప్రోటీన్ పొడి, ఏటా రక్తపరీక్షల ఖర్చు తీసేస్తేగానీ అసలు మిగులు తేలదు. సప్లిమెంట్లకు డబ్బెందుకు దండగ అని రెండో ఏడాది మానేసేవారే నాలుగో ఏడాది రక్తం ఎక్కించుకోవడానికి ఆస్పత్రిలో చేరే ప్రమాదం ఉంది.

ఆపరేషన్ హైదరాబాద్‌లోనో విజయవాడలోనో జరుగుతుంది, మనిషి మాత్రం తన ఊళ్లో బతుకుతాడు. బైపాస్ అయిన రెండు మూడేళ్లకు ఒక రాత్రి తిన్న కాసేపటికి పొట్టలో మెలిపెట్టే నొప్పి వస్తే, దగ్గరలోని డాక్టరుకు పాత ఆపరేషన్ సంగతి తెలియకపోతే గ్యాస్ అనుకుని ఇంజెక్షన్ ఇచ్చి పంపవచ్చు. అది అంతర్గత హెర్నియా అయితే, కొన్ని గంటల్లో సీటీ స్కాన్ తీసి, స్కాన్‌లో స్పష్టంగా తేలకపోయినా అనుమానం బలంగా ఉంటే కీహోల్ ద్వారా లోపల చూసి పేగును విడదీస్తే, రోగి రెండు మూడు రోజుల్లో ఇంటికి వెళతాడు. రెండు రోజులు ఆలస్యమైతే పేగుకు రక్తం అందక కుళ్లిపోయి, ఆ భాగాన్ని కోసి తీసేయాలి, వారాల తరబడి ఐసీయూ, ఆ తర్వాత నరం ద్వారా పోషకాలు. మొదటి ఆపరేషన్ బిల్లును మించిపోయే ఖర్చు ఇలాగే పుడుతుంది. ఏ ఆపరేషన్ జరిగింది, పేగును ఎక్కడ కలిపారు, పొరలోని ఖాళీలు మూశారా లేదా, అత్యవసరమైతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి అన్న నాలుగు వివరాలున్న డిశ్చార్జి కాగితం ఫొటో రోగి ఫోన్‌లోనూ, ఇంట్లో మరొకరి ఫోన్‌లోనూ ఉంటే, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు చేసే మొదటి పని మారిపోతుంది.